డెస్క్‌టాప్ ప్రోగ్రాం కడదాం రండి – 6వ పాఠం: వీటేబుల్ గొడవ

సీ ప్లస్ ప్లస్‌తో, కిటికీలూ బటన్లూ ఇచ్చే క్యూటీ లైబ్రరీతో కాయలెక్క అనే కొబ్బరి దింపు లెక్కల ప్రోగ్రాం కడుతున్నాం కదా, ఈసారి పట్టికలో వరుసలు చేర్చడం చెబుతానన్నాను. అది పక్కన పెడుతున్నాను. పోయిన పాఠంలో దింపులెక్క క్లాసును మెయిన్.సీపీపీ నుంచి విడదీసి వేరే ఫైళ్లలో పెట్టమన్నాను చూడండి, అప్పటి నుంచి నా ఫోన్ నిండా ఎర్ర అక్షరాల ఫొటోలే. రాజోలు, పాలకొల్లు, భీమవరం... ఊరు ఏదైనా ఫొటోలో ఉన్న ముక్క మాత్రం ఒకటే: "కలెక్ట్2: ఎర్రర్: ఎల్‌డీ రిటర్న్డ్ 1 ఎగ్జిట్ స్టేటస్". ఆ లైను చెప్పేది పని అవలేదని మాత్రమేనండీ. ఎందుకు అవలేదో దాని పైన ఉంటుంది. ఫొటో తీసేముందు తెరను కాస్త పైకి జరపండి. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు" అన్న మాటలు మొదటిసారి ఎక్కడ కనపడ్డాయో అక్కడ ఆగి, ఆ తర్వాత ఏ పేరు ఉందో చదవండి. కింద వచ్చిన మిగతా లైన్లు చాలాసార్లు దాని పిల్లలే.

కంపైలరు ఒక్కో ఫైలును విడిగా తర్జుమా చేస్తుంది, లింకరు (పైన చూసిన ఎల్‌డీ అదే) ఆ ముక్కలను కలుపుతుంది. ఆ తేడా 2వ పాఠంలో అయిపోయింది, ఇంతకన్నా చెప్పను. ఎప్పటిలాగే కోడులోని పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టండి.

లింకరు గొడవ వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ పేరు ఎవరిది? క్యూపుష్‌బటన్, క్యూలేబుల్ లాంటి పేరైతే క్యూటీ వాళ్లది, అంటే ఏదో లైబ్రరీని కలపలేదు. దింపులెక్క, సొమ్ము లాంటి పేరైతే మనది, అంటే మన ఫైలేదో కలవలేదు, లేదా ఆ ఫంక్షన్‌కు బాడీ లేదు.

తేలికది ముందు. ఒకాయన నేను చెప్పకుండానే ముందుకెళ్లి, లెక్కలు దాచుకోవడానికి డేటాబేసు పెట్టారు. సంతోషం. పైన "క్యూటీఎస్‌క్యూఎల్/క్యూఎస్‌క్యూఎల్‌డేటాబేస్" అని ఇన్‌క్లూడ్ చేశారు, కంపైలరు కిక్కురుమనలేదు, లింకరు ఒప్పుకోలేదు. హెడరు (ఏమేం ఉన్నాయో ప్రకటించే ఫైలు) దొరికింది కదా, లైబ్రరీ ఎందుకు దొరకలేదని ఆయన ప్రశ్న. శుభలేఖలో వంటాయన పేరు అచ్చు వేయించినంత మాత్రాన ఆయన గరిటె పట్టుకుని రాడు, విడిగా కబురు పంపాలి. ఆ కబురు సీమేక్‌లిస్ట్స్ ఫైలులో (ప్రోగ్రాం ఎలా కట్టాలో సీమేక్‌కు చెప్పేది అదే) రెండు చోట్ల ఉండాలి: ఫైండ్_ప్యాకేజ్ లైనులో విడ్జెట్స్ పక్కన ఎస్‌క్యూఎల్, టార్గెట్_లింక్_లైబ్రరీస్ లైనులో క్యూటీ6::విడ్జెట్స్ పక్కన క్యూటీ6::ఎస్‌క్యూఎల్. ముందు ఫోల్డరు పేరు లేకుండా ఉత్త "క్యూఎస్‌క్యూఎల్‌డేటాబేస్" అని ఇన్‌క్లూడ్ చేసి ఉంటే కంపైలరే ఆ ఫైలు లేదని ఆపేసేది. నేను ఎప్పుడూ అలాగే రాస్తాను. తప్పు ఎంత ముందు బయటపడితే అంత మంచిది.

మన పేర్లతో వచ్చేవి చూద్దాం. సగం మంది దింపులెక్క.సీపీపీ ఫైలు రాశారు గానీ యాడ్_ఎగ్జిక్యూటబుల్‌లో దాని పేరు చేర్చలేదు. చేర్చండి, అంతే. కొందరు సీపీపీ ఫైలులో "దింపులెక్క::తుడిచేయి" అని రాయాల్సిన చోట "తుడిచేయి" అని వదిలేశారు. అప్పుడది క్లాసుకు సంబంధం లేని వేరే ఫంక్షన్ అయిపోయింది. లోపల క్లాసులోని చరరాశులను ముట్టుకుని ఉంటే కంపైలరు పట్టుకునేది. ముట్టుకోలేదు కాబట్టి లింకరు దాకా వచ్చింది.

సొమ్ము ఫంక్షన్‌ది ఇంకో రకం. క్లాసు బయట ఉండి, కాయల సంఖ్య, వెయ్యి కాయల ధర ఇస్తే మొత్తం చెప్పేది. హెడరులో సొమ్ము(ఇంట్, ఇంట్) అని ఉంది. అంబాజీపేట మార్కెట్టు ధరకు పైసలు కూడా ఉంటే బాగుంటుందని సీపీపీలో మాత్రం సొమ్ము(ఇంట్, డబుల్) అని మార్చారు. సీ ప్లస్ ప్లస్‌లో ఫంక్షన్‌ను గుర్తుపట్టేది పేరొక్కదానితో కాదు, అది తీసుకునే రకాలు కూడా కలిపి. కాబట్టి అవి రెండు వేర్వేరు ఫంక్షన్లు. వాటిలో ఒకదానికి బాడీ లేదు. ఎర్రరులో బ్రాకెట్ల మధ్య "ఇంట్, ఇంట్" అని స్పష్టంగా రాసి ఉంటుంది, చదివితే చాలు.

ఇక అసలు గొడవ: "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు వీటేబుల్ ఫర్ దింపులెక్క".

వీటేబుల్ అంటే క్లాసులోని వర్చువల్ ఫంక్షన్ల, అంటే పిల్ల క్లాసులు మార్చి రాసుకోగల ఫంక్షన్ల, చిరునామాల పట్టిక. ఈ ఎర్రరు కన్‌స్ట్రక్టరు ఉన్న లైనును వేలెత్తి చూపిస్తుంది. దాంతో అందరూ కన్‌స్ట్రక్టరు మీద పడ్డారు. ఒకరు కొట్టేసి మళ్లీ రాశారు. ఒకరు డిస్ట్రక్టరు చేర్చారు. ఒకరు వర్చువల్ అన్న మాట కనపడ్డచోటల్లా పీకేశారు. కన్‌స్ట్రక్టరు ఏ పాపం ఎరగదండీ! క్లాసు మొదట్లో క్యూ_ఆబ్జెక్ట్ అని రాశాం, దాన్ని చూడండి. అది మ్యాక్రో. విప్పితే లోపల మెటాఆబ్జెక్ట్, క్యూటీ_మెటాకాస్ట్, క్యూటీ_మెటాకాల్ అనే మూడు వర్చువల్ ఫంక్షన్ల ప్రకటనలు ఉంటాయి. ప్రకటనలే, బాడీలు ఉండవు. ఆ బాడీలు రాసిపెట్టేది మాక్ అనే క్యూటీ పనిముట్టు. అది మన హెడరు చదివి ఇంకో సీపీపీ ఫైలు పుట్టిస్తుంది.

ఇప్పుడు జీసీసీ అనే కంపైలరు పద్ధతి వినండి. క్లాసులో ఇన్‌లైనూ (బాడీ క్లాసులోనే ఉన్నది) ప్యూర్ వర్చువలూ (బాడీ పిల్ల క్లాసులకు వదిలేసింది) కాని మొట్టమొదటి వర్చువల్ ఫంక్షన్ బాడీ ఏ ఫైలులో ఉంటే, ఆ క్లాసు వీటేబుల్‌ను కూడా ఆ ఫైలులోనే పెడుతుంది. మన క్యూ_ఆబ్జెక్ట్ అన్నిటికన్నా పైన ఉంది కాబట్టి ఆ మొట్టమొదటిది మెటాఆబ్జెక్ట్ అయింది. మాక్ నడవకపోతే మెటాఆబ్జెక్ట్‌కు బాడీ లేదు. అది లేకపోతే వీటేబుల్ ఎక్కడా పడదు. వీటేబుల్ కావాలని అడిగేది కన్‌స్ట్రక్టరు, అందుకే నింద దాని మీదకొచ్చింది. విజువల్ స్టూడియోవాళ్లకు ఈ చిక్కు లేదు. వాళ్లకు ఎల్‌ఎన్‌కే2001 అంటూ మెటాఆబ్జెక్ట్ పేరే నేరుగా వస్తుంది.

మరి మాక్ ఎందుకు నడవలేదు? దాన్ని మన బదులు నడిపేది సీమేక్‌లోని ఆటోమాక్. మీ సీమేక్‌లిస్ట్స్ ఫైలు తెరవండి. "సెట్(సీమేక్_ఆటోమాక్ ఆన్)" ఉందా? ఉందండీ అంటారు. ఎక్కడుంది? యాడ్_ఎగ్జిక్యూటబుల్ కింద ఉంటే లేనట్టే. టార్గెట్, అంటే యాడ్_ఎగ్జిక్యూటబుల్ లైను కట్టమని చెప్పే ప్రోగ్రాం, పుట్టిన క్షణంలో ఆ విలువ ఎంతో చూసి రాసుకుంటుంది, తర్వాత మీరు ఎంత మార్చినా అది చూడదు. కాబట్టి పైన ఉండాలి. నాకొచ్చిన ఫొటోల్లో ఎక్కువ భాగం ఇదే.

భీమవరం వాళ్లది వేరు. కొబ్బరికాయ తీసేసి రొయ్యల కౌంటు లెక్క పెట్టుకున్నారు, బాగానే ఉంది. పెద్ద ప్రాజెక్టుల్లో చూసి హెడర్లన్నీ ఇన్‌క్లూడ్ ఫోల్డరులో, సీపీపీలన్నీ సోర్స్ ఫోల్డరులో సర్దారు. ఆటోమాక్ పైనే ఉంది, అయినా వీటేబుల్ రాలేదు. ఆటోమాక్ ప్రతి సీపీపీ పక్కనే అదే పేరుతో హెడరు ఉందా అని వెతుకుతుంది. పక్క ఫోల్డరులోకి తనంతట తాను వెళ్లదు. అలా సర్దుకోవాలంటే యాడ్_ఎగ్జిక్యూటబుల్‌లో సీపీపీతో పాటు "ఇన్‌క్లూడ్/కౌంటులెక్క.హెచ్" అని హెడరు పేరు కూడా రాయాలి. మనవి మూడు నాలుగు ఫైళ్లు, అన్నీ ఒకే చోట ఉంటే ఏం పోయింది? నేనైతే పది ఫైళ్లు దాటేదాకా ఫోల్డర్లు విడదీయను.

మాక్ నడిచిందో లేదో ఊహించక్కర్లేదు. ఆటోమాక్ ఆన్ అయి ఉంటే బిల్డ్ ఫోల్డరులో కాయలెక్క_ఆటోజెన్ అనే ఫోల్డరు ఉంటుంది, అందులో మాక్స్_కంపైలేషన్.సీపీపీ తెరవండి. మీ క్లాసు ఫైలు పేరు ముందు మాక్_ చేర్చి అక్కడ కనపడితే నడిచినట్టు. లేకపోతే మీ హెడరును ఎవరూ చదవలేదు.

"క్యూ_ఆబ్జెక్ట్ తీసేస్తే ఎర్రరు పోయిందండి" అని ఒకరు గర్వంగా రాశారు. మొత్తంమారింది అనే సిగ్నల్‌ను (మొత్తం మారిందని మిగతా ప్రోగ్రాంకు చెప్పే కబురు) కనెక్ట్ చేసి చూడండి, ఈసారి కంపైలరే "నో క్యూ_ఆబ్జెక్ట్ ఇన్ ద క్లాస్ విత్ ద సిగ్నల్" అని ఆపుతుంది. పాలకొల్లు నుంచి వచ్చినది ఇంకా తమాషా. ఆ సిగ్నల్‌కు బాడీ లేదని లింకరు అంటే, పోనీలే అని ఖాళీ బాడీ రాసి ఇచ్చేశారు. ఆ లైను పోయింది, వీటేబుల్ లైను మిగిలింది. తర్వాత ఆటోమాక్‌ను పైకి జరిపితే ఇప్పుడు "మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్". సిగ్నళ్లకు బాడీ రాసేది మాక్. మీరూ రాశారు, అదీ రాసింది. మీది తీసేయండి.

మల్టిపుల్ డెఫినిషన్‌కు ఇంకో మామూలు కారణం, హెడరును వదిలేసి దింపులెక్క.సీపీపీనే మెయిన్‌లో ఇన్‌క్లూడ్ చేయడం. చేయకండి. విండోస్‌లో "కెనాట్ ఓపెన్ అవుట్‌పుట్ ఫైల్... పర్మిషన్ డినైడ్" అంటే పాత కిటికీ ఇంకా తెరిచే ఉంది, మూసేయండి.

క్యూటీ_స్టాండర్డ్_ప్రాజెక్ట్_సెటప్ అని ఒక్క లైను పెడితే ఆటోమాక్ దానంతట అదే ఆన్ అవుతుంది కదా, ఎందుకు చెప్పలేదని అడిగారు. అది క్యూటీ 6.3లో వచ్చింది. మీలో చాలామంది దగ్గరున్నది ఉబుంటు 22.04, దాంట్లో వచ్చేది 6.2. పైగా ఏది ఎక్కడ ఆన్ అవుతోందో కళ్లకు కనపడాలని నా పట్టుదల. సీమేక్ ఫైలు ముట్టుకున్న ప్రతిసారీ బిల్డ్ ఫోల్డరు మొత్తం తుడిచేసి మళ్లీ కట్టడం కూడా నా అలవాటు. అవసరం లేదని తెలిసినవాళ్లు చెబుతారు, నేను మానను.

అభ్యాసం. ఆటోమాక్ లైనును కావాలని యాడ్_ఎగ్జిక్యూటబుల్ కిందకు దించి, బిల్డ్ తుడిచి కట్టండి. లింకు అవదు, కానీ ఆబ్జెక్ట్ ఫైళ్లు, అంటే కంపైలరు తర్జుమా చేసిన ముక్కలు, తయారై ఉంటాయి. వాటిలోని పేర్లు చూపించే పనిముట్టు ఎన్ఎమ్. బిల్డ్ లోపల సీమేక్‌ఫైల్స్/కాయలెక్క.డిర్ ఫోల్డరుకు వెళ్లి "ఎన్ఎమ్ మైనస్ పెద్ద సీ దింపులెక్క.సీపీపీ.ఓ" కొట్టండి. పేరు ముందు పెద్ద యూ ఉన్న ప్రతి లైనూ ఈ ఫైలు వాడుకుంటున్నది, కానీ దీనిలో లేనిది. నోటుపుస్తకంలో ఒక్కో లైనుకూ ఎదురుగా అది ఎవరు ఇవ్వాలో రాయండి: క్యూటీ లైబ్రరీయా, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీయా, మాకా, మన ఇంకో ఫైలా. లైన్లు చాలా ఉంటాయి, ఒక సాయంత్రం పడుతుంది. సగం చేసి పంపొద్దు. నేను ముందు చూసేది "వీటేబుల్ ఫర్ దింపులెక్క" ఎదురుగా ఎవరి పేరు రాశారన్నది.