ఉద్యోగం చేస్తూ సొంత డబ్బు లెక్కలు నేర్చుకోవడం ఎలా?

బడిలో బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు చేశాను. మార్కులూ బాగానే వచ్చాయి. అయినా ఉద్యోగంలో చేరి ఆరేళ్లయ్యాక కూడా నా క్రెడిట్ కార్డు బిల్లు చదవడం నాకు రాలేదు. ‘కనీసం కట్టవలసిన మొత్తం’ అన్న చోట ఉన్న అంకె కట్టేసి, హమ్మయ్య అనుకునేవాడిని. డబ్బు మీద వీడియోలు మాత్రం బోలెడు చూశాను. అన్నీ ఏ షేర్లు కొనాలి, ఎన్నేళ్లకు రిటైర్ కావాలి అనేవే. నాకు కావలసింది అంతకంటే ఎన్నో మెట్లు కిందది. అక్కడి నుంచి, నాకు పనికొచ్చిన వరసలో రాస్తున్నాను.

1. ముందే బడ్జెట్ వేయకండి

చాలామంది బడ్జెట్‌తో మొదలుపెట్టమంటారు. డబ్బు ఎటు పోతోందో తెలియకుండా వేసే బడ్జెట్‌లో ఉండేవన్నీ ఊహలే. పదో తారీఖుకే అది తప్పుతుంది, ఇదంతా మన వల్ల కాదులే అని వదిలేస్తాం. దాని బదులు గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, కార్డు బిల్లులు ప్రింట్ తీయండి. చూడకముందే ఒక కాగితం మీద మీ అంచనాలు రాయండి: ఆన్‌లైన్ కొనుగోళ్లు ఇంత, బయట తిండి ఇంత, ప్రయాణాలు ఇంత. తర్వాత ఒక్కో పద్దు పక్కనా గుర్తు పెట్టండి. తప్పనివి ఒక రంగు, తగ్గించుకోగలిగినవి ఇంకో రంగు, దేనికి కట్టామో గుర్తురానివి మూడో రంగు.

నా అంచనాకీ అసలు లెక్కకీ ఆన్‌లైన్ కొనుగోళ్లలో రెట్టింపుకు పైగా తేడా వచ్చింది. మూడో రంగులో ఒకే మొత్తం ప్రతి నెలా కనబడింది. ఎప్పుడో ఫోన్‌లోంచి తీసేసిన ఒక యాప్ చందా అది. యాప్ తీసేస్తే చందా ఆగదు, దాన్ని విడిగా రద్దు చేయాలి. ఈ సంగతి నాకు పద్నాలుగు నెలల చందా కట్టాక తెలిసింది.

2. జీతం చీటీ చదవండి

ఆఫర్ లెటర్‌లో ఉన్న అంకె వేరు, చేతికొచ్చే అంకె వేరు. ఖర్చులన్నీ రెండో అంకె మీదే లెక్కవేయాలి. కోతల్లో ఏది పన్ను, ఏది రిటైర్మెంటు పొదుపు, ఏది బీమా అనేది అర్థం కాకపోతే ఆఫీసులో జీతాలు చూసేవాళ్లను అడిగేయండి. అడగడంలో మొహమాటం ఏమీ లేదు.

3. ఏడాదికోసారి వచ్చేవాటిని పన్నెండుతో భాగించండి

బీమా ప్రీమియం, బండి సర్వీసింగు, పిల్లల ఫీజులు, పండుగ ఖర్చులు. వస్తాయని ముందే తెలుసు, అయినా ప్రతిసారీ ‘అనుకోని ఖర్చు’ అంటాం. ఏడాది మొత్తం కూడి పన్నెండుతో భాగించి, అంత డబ్బు నెలనెలా వేరే ఖాతాలో వేయండి. నా విషయంలో నెలాఖరు టెన్షన్ సగం తగ్గించింది ఈ ఒక్క పనే.

4. అప్పు లెక్క మీరే చేయండి

ఎక్కువసేపు కూర్చోవలసింది ఇక్కడే. కార్డు మీద 10,000 బాకీ ఉందనుకోండి. వడ్డీ నెలకు నూటికి మూడు. చూడ్డానికి చిన్నగానే ఉంటుంది గానీ, చక్రవడ్డీగా ఏడాదికి 42 శాతం దాటుతుంది. కొత్తగా ఏమీ కొనకుండా, ప్రతి నెలా బాకీలో 5 శాతం మాత్రమే కడుతూ పోతే 32 నెలల్లో సుమారు 12,000 కడతారు. అప్పటికీ ఇంకా దాదాపు 5,000 బాకీ ఉంటుంది. నమ్మకం కుదరకపోతే మొదటి ఆరు నెలలైనా చేత్తో వేసి చూడండి: బాకీకి వడ్డీ కలపండి, కట్టింది తీసేయండి, మిగిలింది కింది వరసలో రాయండి. ఈ లెక్క వేశాక ‘కనీస మొత్తం’ మీకు ముందులా కనిపించదు.

ఇంకో చోట కూడా జాగ్రత్త. అప్పిచ్చేవాళ్లు ఫ్లాట్ వడ్డీ (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేసే వడ్డీ) 10 శాతమే అంటారు. 12,000 తీసుకుంటే ఏడాదికి వడ్డీ 1,200, నెల వాయిదా 1,100. బాగానే ఉందనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు కొంత తిరిగి ఇచ్చేస్తూనే ఉన్నారు కదా, మొత్తం 12,000 ఏడాది పొడుగునా మీ దగ్గర లేదు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఇది దాదాపు 18 శాతం వడ్డీ. అప్పిచ్చేవాళ్లు శాతం చెప్పగానే ‘ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?’ అని అడగడం అలవాటు చేసుకోండి.

ఎక్కువ ఏళ్ల అప్పుల్లో మొదటి వాయిదాలు చాలావరకు వడ్డీకే పోతాయి. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పయితే మొదటి వాయిదాలో 80 శాతానికి పైగా వడ్డీయే. అందుకే అదనంగా కట్టగలిగితే తొలి ఏళ్లలో కట్టిందే ఎక్కువ ఆదా చేస్తుంది. కట్టే ముందు ముందస్తు చెల్లింపు రుసుము ఏమైనా ఉందేమో చూసుకోండి.

నాలుగైదు అప్పులుంటే వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చడం లెక్కకు సరైన దారి. చిన్న బాకీ ముందు తీర్చేస్తే ఉత్సాహం వస్తుందనేవాళ్లూ ఉన్నారు. నేను మొదటి పక్షం. మీకు ఉత్సాహమే అసలు సమస్యయితే రెండోదైనా పరవాలేదు.

5. అక్కరకు కాస్త పక్కన పెట్టండి

ఉద్యోగం పోయినా, ఒంట్లో బాగాలేకపోయినా మూడు నుంచి ఆరు నెలలు గడవాలి. లెక్క మీ జీతంతో కాదు, మొదటి రంగులో గుర్తుపెట్టిన తప్పని ఖర్చులతో వేయండి. అంకె అమాంతం చిన్నదవుతుంది. ముందు ఒక నెలకు సరిపడా చాలు. అది చేరాక ఎక్కువ వడ్డీ అప్పు మీద పడండి, తర్వాత మిగతాది పెంచుకోండి. ఆ ఒక్క నెల డబ్బు కూడా లేకపోతే, బండి చెడిపోయిన రోజున మళ్లీ కార్డే గీస్తారు. జీతం పడిన మర్నాడే ఆ డబ్బు దానంతట అదే వేరే ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో పెట్టుకోండి.

6. మదుపు దగ్గర రెండు లెక్కలు

72ను వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు సుమారుగా తెలుస్తాయి: 6 శాతానికి 12 ఏళ్లు. ధరల పెరుగుదలకూ ఇదే లెక్క. ఏటా 6 శాతం ధరలు పెరిగితే, ఊరికే దాచిన డబ్బు విలువ పన్నెండేళ్లలో సగమవుతుంది. రెండోది, మన డబ్బు మదుపు చేసిపెట్టేవాళ్లు తీసుకునే రుసుము. ఏటా 7 శాతం పెరిగే డబ్బులో రుసుముల కింద 1 శాతం పోయి 6 మిగిలితే, 30 ఏళ్లకు చేతికొచ్చేది దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ఇంతకంటే లోతుకు వెళ్లడానికి తొందరేమీ లేదు.

7. నెలకో అరగంట

నెలకొకసారి ఒక రోజు పెట్టుకుని, ఇంట్లో సంపాదించే వాళ్లు, ఖర్చు చేసేవాళ్లు అందరూ కలిసి కూర్చోండి. ‘నువ్వే ఎక్కువ తగలేశావు’ అన్న మాట వచ్చిందంటే ఆ నెల లెక్క అక్కడితో సరి, కాబట్టి ముందు ఎవరి ఖర్చు వాళ్లే చదవడం మేలు. చేబదుళ్లకు కూడా ఒక పద్దు పెట్టండి. తిరిగి రాకపోయినా ఇల్లు గడుస్తుంది అనుకున్నంత వరకే అందులో ఉండాలి.

మొదటి రెండు నెలలు లెక్క తేలదు. తేడా ఎంతో రాసుకుని కింది నెలకు వెళ్లిపోండి. దానికోసం రాత్రంతా స్టేట్‌మెంట్లు తిరగేయక్కర్లేదు.