ఐదో పాఠం: తెల్ల ఎద్దు ముందు మూడు లైట్ మీటర్లు

ఒంగోలు దగ్గర ఒక ఊళ్ళో సంక్రాంతికి బండలాగుడు పోటీలు జరుగుతుంటే స్లైడు ఫిల్ము (నెగటివు లేకుండా నేరుగా బొమ్మ వచ్చే ఫిల్ము) వేసుకుని వెళ్ళాను. నెగ్గిన జతలో ఒక ఎద్దు ఫోటో నాకు బాగా నచ్చింది. ప్రింటు వేయించి, నెల తర్వాత మళ్ళీ వెళ్ళి యజమానికి ఇచ్చాను. పెద్దాయన దాన్ని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశారు. "మా ఎద్దు మల్లెపువ్వులా ఉంటుంది బాబూ. బూడిదలో పొర్లి లేచినట్టు తీశావేమిటి?" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, బాధ ఉంది. ఈ పాఠం ఆ మాటకు జవాబు.

గత పాఠాల్లో నికాన్, కెనాన్ పాత వృత్తి కెమెరాల షట్టర్లు, లెన్సు బిగింపులు పోల్చి చూశాం. ఇప్పుడు వాటి లైట్ మీటర్లను, అంటే కెమెరాలో వెలుతురు కొలిచే పరికరాలను చూద్దాం. మూడు కెమెరాలు తీసుకుంటున్నాను: 1971లో వచ్చిన నికాన్ ఎఫ్2 ఫోటోమిక్, అదే సంవత్సరం వచ్చిన కెనాన్ ఎఫ్-1, 1980లో వచ్చిన నికాన్ ఎఫ్3.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మీటరుకు తెలుపు, నలుపు తెలియవు. తన ముందున్నది ఏదైనా మధ్యరకం బూడిద రంగు అనే అనుకుంటుంది. పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిప్పి పంపే వస్తువని దాని లెక్క. తెల్ల ఎద్దు ఎండలో అంతకు నాలుగింతలు, అంటే రెండు స్టాపులు ఎక్కువగా మెరుస్తుంది (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడమో సగం కావడమో). మీటరు దాన్ని కూడా బూడిద రంగుకు దించాలని చూస్తుంది. ఇది అన్ని మీటర్లకూ ఉన్న గుణమే. కెమెరాల మధ్య తేడా మరోచోట ఉంది: ఫ్రేములో ఏ భాగాన్ని, ఎంత పట్టించుకుంటాయి అన్నదాంట్లో.

ఎఫ్3 వ్యూఫైండరులో మధ్యన 12 మిల్లీమీటర్ల వలయం కనిపిస్తుంది. మీటరు తీర్పులో 80 శాతం ఆ వలయంలోని వెలుతురుది, 20 శాతం చుట్టూ ఉన్నదానిది. ఎఫ్2లో కూడా వలయం అంతే, కానీ పంపకం 60, 40. కెనాన్ ఎఫ్-1 దారి వేరు. దాని తెర మధ్యలో కాస్త మసకగా ఒక దీర్ఘచతురస్రం ఉంటుంది, ఫ్రేములో 12 శాతం. మీటరు దాన్ని మాత్రమే చూస్తుంది, బయట ఏమున్నా లెక్కలోకి తీసుకోదు.

ఒక చిన్న లెక్క వేయండి. ఫిల్ము ఫ్రేము 24 మిల్లీమీటర్లు ఎత్తు, 36 వెడల్పు, వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. నికాన్ వలయం సుమారు 113. అంటే 13 శాతం, కెనాన్ పెట్టెకు ఇంచుమించు సమానం. మూడు కెమెరాలూ దాదాపు ఒకే ముక్క మీద దృష్టి పెడుతున్నాయి, మిగతా ఫ్రేముకు ఇచ్చే విలువలోనే తేడా. ఇది నాకు అర్థమైన రోజున ఈ మూడు కెమెరాలూ ఒక్కసారిగా తేటపడ్డాయి.

ఇక ఎద్దు దగ్గరకు వద్దాం. అది మధ్య భాగమంతా నిండి ఉంది, వెనక పచ్చని వరి చేను ఉంది అనుకోండి. చేను మధ్యరకం బూడిద కంటే ఒక స్టాపు తక్కువ, అంటే దానిలో సగం వెలుతురు. మధ్యరకం బూడిద విలువ 1 అనుకుంటే ఎద్దు విలువ 4, చేను విలువ అర. ఎఫ్-1 చదివేది నేరుగా 4, రెండు స్టాపులు. ఎఫ్3 చదివేది 4లో 80 శాతం, అరలో 20 శాతం: మొత్తం 3.3, సుమారు 1.7 స్టాపులు. ఎఫ్2 చదివేది 2.6, సుమారు 1.4 స్టాపులు. 100 వేగం (ఐఎస్ఓ 100) ఫిల్ముతో, మంచి ఎండలో, 1/250 సెకను దగ్గర సరైన ఎపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం; అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్/11 అయితే, ఎఫ్-1 సూది ఎఫ్/22 పెట్టమంటుంది. ఎఫ్3 దానికంటే కాస్త తెరిచి, ఎఫ్2 ఇంకాస్త తెరిచి చూపిస్తాయి. ఇది కాగితం మీది లెక్కే, పొలంలో ఇంత శుభ్రంగా రాదు. కానీ ఏ కెమెరా ఎటు, ఎంత లాగుతుందో దీనివల్ల చేతికి తెలుస్తుంది.

మరి మీటరు చెప్పినదానికంటే ఎపర్చరు ఎంత తెరవాలి? ఎఫ్-1తో నెగటివు ఫిల్ము అయితే రెండు స్టాపులు తెరవండి, భయం లేదు. స్లైడుకు నేను ఒకటిన్నర దగ్గర ఆగిపోతాను. అంతకు మించితే మూపురం మీది మెరుపు చెదిరిపోతుంది, గంగడోలు మడతల్లో నీడ నిలవదు. ఒంగోలు ఎద్దు అందమంతా ఆ మడతల్లోనే ఉంది. (ఈ జాతినే బ్రెజిల్ తీసుకువెళ్ళి పెంచి, మన జిల్లా పేరుతో 'నెలోర్' అని పిలుస్తున్నారు. అది తలచుకుంటే నెల్లూరులో కూర్చుని ఈ పాఠం రాయడం నాకు మరింత ఇష్టంగా ఉంటుంది.)

ఇప్పుడు లెన్సు పాత్ర చూడండి. పై లెక్కంతా ఎద్దు మధ్యలో నిండిందన్న షరతు మీద నడిచింది. రెండు మీటర్ల పొడవున్న ఎద్దు పది మీటర్ల దూరంలో పక్కకు తిరిగి నిలబడిందనుకోండి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఫిల్ము మీద దాని పొడవు 10 మిల్లీమీటర్లు. వలయం 12 కాబట్టి మూలల్లోంచి చేను చొరబడుతుంది, రీడింగు కలగాపులగం అవుతుంది. అక్కడే నిలబడి 105 మిల్లీమీటర్ల ఎఫ్/2.5 నిక్కార్ (నికాన్ లెన్సుల పేరు) బిగించండి. ఎద్దు 21 మిల్లీమీటర్లు వస్తుంది, దాని శరీరం వలయాన్ని దాదాపు నింపుతుంది. కెనాన్‌లో ఎఫ్‌డి వరుస లెన్సుల్లోని 100 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 ఇదే పని చేస్తుంది. దూరపు లెన్సు బొమ్మను పెద్దది చేయడంతో పాటు మీటరు చూపును కూడా ఇరుకు చేస్తుందన్నమాట. నాకు 105 మీద ఉన్న ప్రేమలో సగం దీనివల్లే. దూరపు లెన్సు లేకపోతే దగ్గరకు నడిచి, రీడింగు తీసుకుని, వెనక్కి వచ్చి ఫోటో తీయండి. ఎద్దు యజమానిని అడిగి మరీ దగ్గరకు వెళ్ళండి.

లెన్సుకు, మీటరుకు ఇంకో బంధం ఉంది. ఈ కెమెరాలన్నీ ఎపర్చరు పూర్తిగా తెరిచి ఉండగానే వెలుతురు కొలుస్తాయి. కాబట్టి మీరు ఎంతకు మూయబోతున్నారో లెన్సు ముందే చెప్పాలి. కెనాన్ ఎఫ్‌డి లెన్సులు వెనకవైపు మీటల ద్వారా చెబుతాయి. నికాన్ పాత లెన్సుల మీద చిన్న కొమ్ములాంటి లోహపు ముక్క ఉంటుంది, ఎఫ్2 ఫోటోమిక్ దాన్ని పట్టుకుని చదువుతుంది. లెన్సు బిగించగానే ఎపర్చరు రింగును ఆ చివరికీ ఈ చివరికీ ఒకసారి తిప్పాలి. లెన్సు గరిష్ఠ ఎపర్చరు ఎంతో మీటరుకు తెలిసేది అప్పుడే. ఇది మరిచిపోతే రీలంతా తప్పుతుంది. 1977లో వచ్చిన ఏఐ లెన్సులతో (గరిష్ఠ ఎపర్చరును కెమెరాకు వాటంతటవే తెలిపే నికాన్ పద్ధతి; కృత్రిమ మేధ కాదు), వాటికి తగిన కెమెరాలతో ఆ తిప్పుడు అవసరం పోయింది. ఎఫ్3 ఏఐ పద్ధతి కెమెరా. దానికి అంతకు ముందటి లెన్సు పెట్టాలంటే కెమెరా మీది చిన్న మీటను ముందుగా పైకి లేపాలి, ఆపైన ఎపర్చరు మూసి వెలుతురు కొలవాలి.

నేర్చుకోవడానికి ఏది మేలు? నా జవాబు ఎఫ్-1. సూది ఎంత దూరం జరిగిందో కంటికి కనిపిస్తుంది, పైగా పెట్టె బయట ఉన్నది వేలు పెట్టదు. ఎఫ్3ని మాన్యువల్‌లో పెడితే ఎక్కువా తక్కువా అన్న గుర్తులే కనిపిస్తాయి, ఎంత తేడా ఉందో చెప్పదు. పరుగెత్తే ఎడ్ల ముందు మాత్రం నేను ఎఫ్3నే పట్టుకుంటాను. ఎపర్చరు నేను పెడితే షట్టరు అదే చూసుకుంటుంది, సవరణ చక్రం మీద రెండు స్టాపుల వరకు ముందే కలిపి పెట్టుకోవచ్చు. పోటీ అయ్యాక ఆ చక్రాన్ని సున్నాకు తిప్పడం మరవకండి.

ఎఫ్-1 కొన్నవారికి ఒక హెచ్చరిక. దాని మీటరు 1.35 వోల్టుల పాదరసం సెల్లు కోసం చేసింది, అది ఇప్పుడు తయారు కావడం లేదు. మామూలు 1.5 వోల్టుల సెల్లు వేస్తే రీడింగు తప్పుతుంది. వినికిడి యంత్రాలకు వాడే 675 రకం జింక్-ఎయిర్ సెల్లు సుమారు 1.4 వోల్టులు ఇస్తుంది. సైజు సరిపోవడానికి చుట్టూ ఒక రింగు కావాలి. నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద కెమెరా దుకాణంలో అడిగే బదులు వినికిడి యంత్రాల దుకాణంలో అడగండి. ఆ సెల్లు మీది స్టిక్కరు తీశాక అది ఎక్కువ కాలం ఉండదు, ఒకటి అదనంగా సంచిలో పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం. మంచి ఎండలో మూడు వస్తువులు వెతకండి: ఒకటి తెల్లది, ఒకటి నల్లది, ఒకటి మధ్యరకం. తెల్లదానికి ఎద్దు దొరక్కపోతే ఉతికి ఆరేసిన పంచె చాలు. నల్లదానికి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలక ముక్క ఏ గ్రానైటు దుకాణంలోనైనా దొరుకుతుంది. పాలిష్ పలకలో ఆకాశం ప్రతిబింబించకుండా పక్కకు వంచి పెట్టండి, లేకపోతే మీరు కొలిచేది ఆకాశాన్ని. మధ్యరకానికి పాత తారు రోడ్డు సరిపోతుంది. మూడింటినీ వ్యూఫైండరు మధ్య భాగం నిండేలా చూసి, రీడింగులు నోటుపుస్తకంలో రాయండి. తర్వాత ఒక్కోదాన్ని రెండేసిసార్లు తీయండి: మొదట మీటరు చెప్పినట్టు, తర్వాత పంచెకు ఒకటిన్నర స్టాపు తెరిచి, పలకకు రెండు స్టాపులు మూసి. రోడ్డును మార్చకండి.

రీలు కడిగించాక నెగటివులను కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. మీటరు మాట విన్న మూడు ఫ్రేములూ ఇంచుమించు ఒకేలా దట్టంగా ఉంటాయి, పంచె ఏదో పలక ఏదో ఆకారాన్ని బట్టే తెలుస్తుంది. మీరు సవరించిన వాటిలో పంచె బాగా నల్లగా, పలక దాదాపు ఖాళీగా ఉంటే రీడింగుల పేజీ పక్కన ఆ నెగటివు ముక్కను అంటించి దాచుకోండి.