మ్యూజియం రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు

పాత అక్సెషన్ నంబర్లు (వస్తువు మ్యూజియంలో చేరినప్పుడు దానికిచ్చిన నంబర్లు) అస్సలు మార్చొద్దు. కంప్యూటర్‌కి వీలుగా ఉంటుందని కొత్తవి ఇచ్చేస్తే వస్తువు మీదున్న నంబరుకీ, రిజిస్టరుకీ, పాత ఫోటోలకీ లంకె తెగిపోతుంది, ఆ తర్వాత ఏ విగ్రహం ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం మహా కష్టం.

ఎక్సెల్‌లో అయితే నంబరు కాలమ్‌ని టైప్ చేయకముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే 1987.10 (అంటే 1987లో చేరిన పదో వస్తువు) అని కొట్టింది కాస్తా 1987.1 అయి కూర్చుంటుంది, అంటే పదో వస్తువు ఒకటో వస్తువైపోయినట్టే, పైగా ఎర్రర్ కూడా చూపించదు. నాకు అన్నిటికంటే భయం దీనితోనే.

రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మీ సవరణ పక్క గడిలో. తప్పనిపించినా పాత మాట చెరపొద్దు, రేపు ఎవరైనా అడిగితే ఆధారం అదే.

పదాల జాబితా ముందే ఖాయం చేసుకోండి. ఒకరు కంచు, ఇంకొకరు కాంస్యం అని కొడితే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. అమెరికాలోని గెట్టీ సంస్థ వాళ్ల ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ థెసారస్ (కళకీ కట్టడాలకీ సంబంధించిన పదాల జాబితా) ఆన్‌లైన్‌లో ఉచితమే, నమూనాగా చూడొచ్చు.

ఫోటో ఫైలు పేరులో అక్సెషన్ నంబరు ఉండాలి.

బ్యాకప్ ఒకటి వేరే భవనంలో పెట్టండి, మంటలకీ వరదకీ సర్వరూ రిజిస్టరూ ఒక్కటే.