షాంక్లిన్ సముద్రతీరాన్ని ఎలా చూడాలి?

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా, సోలెంట్ జలసంధికి అవతల ఐల్ ఆఫ్ వైట్ ద్వీపం ఉంది. ఆంగ్లేయుల పాతకాలపు సముద్రతీర విడిది చూడాలంటే ఆ ద్వీపం తూర్పు తీరంలోని షాంక్లిన్‌కు వెళ్లండి. లండన్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు గానీ, అలా చేయవద్దని నా మనవి. పగటి జనం తిరుగుముఖం పట్టాక తీరంలో నడిస్తేనే ఆ ఊరి నెమ్మది తెలుస్తుంది. ఒక రాత్రి ఉండండి.

1. కాలం ఎంచుకోండి. మే చివరి నుంచి సెప్టెంబరు వరకు మంచిది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. ఆగస్టులో బడి సెలవుల వల్ల గదులు ముందే నిండిపోతాయి. బంగాళాఖాతంలో స్నానం చేసిన అలవాటుతో దిగితే, నడివేసవిలో కూడా ఆ నీళ్లకు ఒళ్లు వణుకుతుంది. తువ్వాలుతో పాటు స్వెటరూ పెట్టుకోండి.

2. టిక్కెట్టు నేరుగా షాంక్లిన్‌కే కొనండి. లండన్ వాటర్లూ నుంచి పోర్ట్స్‌మత్ హార్బర్‌కు రైలు, అక్కడ స్టేషను పక్కనే పడవ, దిగాక ద్వీపంలో మళ్లీ రైలు. మూడింటికీ ఒకే టిక్కెట్టు దొరుకుతుంది. కారు అవసరం లేదు.

3. సోలెంట్ దాటండి. కటమరాన్ పడవ ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా రైడ్ పియర్ చివర దింపుతుంది. సముద్రంలోకి దాదాపు అర మైలు చొచ్చుకుపోయిన ఈ వంతెన 1814లో మొదలైంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇక్కడ ఇసుక చాలా దూరం బయటపడుతుంది కాబట్టి, అంతకుముందు ప్రయాణికులను మనుషుల వీపుల మీదా బండ్ల మీదా ఒడ్డుకు చేర్చేవారు. పోర్ట్స్‌మత్ పక్కనే ఉన్న సౌత్‌సీ నుంచి, గాలి దిండు మీద తేలుతూ సాగే హోవర్‌క్రాఫ్ట్ పది నిమిషాల్లో దాటిస్తుంది. ఏ దారిన వెళ్లేదీ టిక్కెట్టు కొనేటప్పుడే తేల్చుకోండి.

4. చిన్న రైలెక్కండి. రైడ్ సొరంగం పైకప్పు ఎత్తు తక్కువ. మామూలు రైళ్లు పట్టవు. అందుకే లండన్ భూగర్భ మార్గాల్లో తిరిగి విశ్రమించిన పెట్టెలనే బాగుచేసి ఇక్కడ నడుపుతున్నారు. అరగంటలోపే షాంక్లిన్ వస్తుంది.

5. ఊరిని పైనుంచి కిందికి చూడండి. ముందు గడ్డికప్పు ఇళ్లున్న పాత ఊరు. అక్కడి నుంచి షాంక్లిన్ చైన్ లోయలోకి దిగండి. పావు మైలు దూరంలో వంద అడుగులకు పైగా దిగే ఈ ఇరుకు లోయలో జలపాతం, నాచు, ఫెర్న్ మొక్కలు ఉంటాయి. 1817 నుంచే సందర్శకులను అనుమతిస్తున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో పోరాడుతున్న సేనలకు సముద్రం అడుగున పెట్రోలు పంపిన గొట్టం ఈ లోయ గుండానే సాగింది. అందులో ఒక ముక్క ఇప్పటికీ అక్కడ చూడవచ్చు. చలికాలంలో లోయ మూసేస్తారు. లోయ దాటితే ఇసుక తీరం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే పైకి చేరడానికి కొండ లిఫ్టు ఉంది. అది నడిచే వేళలు ముందే చూసుకోండి.

6. తినే ముందు అడగండి. చేపల వేపుడు, బంగాళాదుంప చిప్స్ మీద ఉప్పు, మాల్ట్ వెనిగర్ చల్లుకుని తీరంలోనే తినాలి. కొన్ని దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. శాకాహారులు, ఆ మాంసం ముట్టనివారు ఏ నూనె వాడుతున్నారో అడిగి కొనాలి. పొట్లం విప్పగానే సీగల్ పక్షులు మీదికి వస్తాయి, గోడకు వీపు ఆనించి కూర్చోండి.

7. మర్నాడు ఆస్బోర్న్ హౌస్‌కు వెళ్లండి. రైడ్‌కు తిరిగి వచ్చి ఈస్ట్ కౌజ్ వైపు బస్సెక్కితే విక్టోరియా రాణి సముద్రతీర భవనం చేరవచ్చు. 1901లో ఆమె కన్నుమూసింది ఇక్కడే. భారతీయులు తప్పక చూడవలసింది దర్బారు గది. ఆ తెల్లని నగిషీల రూపశిల్పి లాహోరు కళాశాలకు చెందిన భాయి రామ్ సింగ్. పక్క నడవాలో మన దేశపు చేతిపనివారి చిత్రపటాలున్నాయి. రాజుల బొమ్మలకన్నా వాటి ముందే ఎక్కువసేపు నిలబడండి. సాయంత్రం పడవ వేళ చూసుకుని, కనీసం రెండు గంటలు ఈ భవనానికే కేటాయించండి.