లేక్ ఫోర్క్‌లో జిగ్‌తో బాస్ వేటకు వెళ్లేముందు

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో గాలం పిచ్చి పట్టినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు తూర్పు టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ జలాశయం దారి పడతారు. టెక్సాస్‌లో రికార్డుకెక్కిన అతిపెద్ద లార్జ్‌మౌత్ బాస్ చేప, 18.18 పౌండ్లది, 1992లో ఇక్కడే చిక్కింది మరి. అయితే జిగ్ (బరువైన తలా, కొక్కెమూ ఉండే ఎర) వేసేవాళ్లు కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఆ ఎర బాగా పనిచేసేది మోళ్ల మధ్య, చలినీళ్లలో, లోతుల్లో. మనకి ముప్పు పొంచి ఉండేదీ అక్కడే.

ముందు మోళ్ల సంగతి. 1980ల్లో ఈ జలాశయం నిండినప్పుడు చాలా చెట్లు అలాగే మునిగిపోయాయి. పైకి కనిపించేవాటితో గొడవ లేదు, నీటికి జానెడు కింద ఉన్నవే బోటు అడుగుని చీల్చేస్తాయి. గుర్తులు పెట్టిన బోటు దారి దాటగానే ఇంజిన్ నెమ్మది చేయండి. నీళ్లు తగ్గిన ఏడాది నిరుడు వెళ్లిన దారిని కూడా నమ్మొద్దు. మనిషి పడితే ఇంజిన్‌ని ఆపేసే కట్-ఆఫ్ తాడు ఒంటికి తగిలించుకోవడం 26 అడుగుల లోపు బోట్లకు 2021 నుంచి ఫెడరల్ చట్టం. చట్టం సంగతి అలా ఉంచి, మోడు తగిలి మనిషి నీళ్లలో పడ్డాక బోటు ప్రొపెల్లర్‌తో సహా తిరిగి మీదికి రాకుండా ఆపేది ఆ తాడే.

జనవరి, ఫిబ్రవరిల్లో బాస్ మందకొడిగా ఉంటుంది. జిగ్‌ని అడుగున నెమ్మదిగా ఈడుస్తూ ఉంటే పెద్దవి పడతాయి, అందుకే జనం చలిని లెక్కచేయరు. నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరున్నప్పుడు పడితే మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగశ్వాస వస్తుంది. ఆ క్షణంలో నోట్లోకి నీళ్లు పోతే ఎంత ఈత వచ్చినా లాభం లేదు. మరో పది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే పడ్డాక వేసుకోలేరు, ఒంటి మీదే ఉండాలి. ఒంటరిగా వెళ్తుంటే బోటు ఏ ర్యాంప్ నుంచి దింపుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

వసంతంలో చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, మనమూ గడ్డి, పొదల పక్కన జిగ్ జారవిడుస్తాం. ఇక చిక్కుకోవడమే చిక్కుకోవడం. రాడ్‌ని విల్లులా వంచి బలంగా గుంజితే, మోడు వదిలిన అరౌన్సు సీసం, పదునైన కొక్కెం సూటిగా మొహం మీదికొస్తాయి. కళ్లద్దాలు పెట్టుకోండి, బోటుని చిక్కు పడినచోటికి అవతలివైపు తీసుకెళ్లి వదులుగా కదపండి. తెంపక తప్పకపోతే బ్రెయిడ్ లైన్‌ని (అల్లిన గాలపు దారాన్ని) చేతికి చుట్టకండి, వేలు తెగుతుంది. చిన్న కర్రకి చుట్టి, మొహం పక్కకి తిప్పి లాగండి. కొక్కెం కంటికి గుచ్చుకుంటే మాత్రం పీకకుండా, కదలకుండా కప్పి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే. ఒడ్డున నడిచేటప్పుడు కాటన్‌మౌత్ అనే విషపు పాముల మీదా ఓ కన్నేయండి.

వేసవిలో లోతైన గట్ల మీద ఫుట్‌బాల్ జిగ్ (ఫుట్‌బాల్ ఆకారపు తల ఉన్నది) బాగుంటుంది గానీ తెల్లారగట్ల మొదలెట్టి ఎండ ముదిరేలోపు ముగించండి. ఉరుము వినిపిస్తే లేక్ మీద ఉండకూడదు, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. చేతిలోని గ్రాఫైట్ రాడ్ కరెంటుకి మంచి దారి. ఆకురాలు కాలంలో పొద్దు త్వరగా గూకుతుంది, బోటు లైట్లు వెలుగుతున్నాయో లేదో ముందే చూసుకుంటే చాలు.

పట్టి వదిలేసినా సరే, 17 ఏళ్లు నిండితే లైసెన్సు కావాలి. ఇక్కడ 16 నుంచి 24 అంగుళాల బాస్‌ని నీళ్లలోకి వదిలేయాలి. నోరు మూసి, తోక నొక్కి కొలవండి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి బయలుదేరేముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల తాజా పట్టిక చూసుకోవడం మేలు.

జిగ్ తలలో ఉండేది సాధారణంగా సీసమే. పులిహోర డబ్బా తెరిచేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, జిగ్‌లు పిల్లలకి అందనివ్వకండి.