ముడి షువాన్ కాగితం మీద వెదురు బొమ్మ చెడుతోందా? సమస్య - పరిష్కారం

సాధారణ కాగితం మీద చెయ్యి తిరిగినవాళ్లకు కూడా చైనా షువాన్ కాగితం మీదికి రాగానే బొమ్మ పాడవుతుంది. చేతిని అనుమానించే ముందు కుంచెలో నీరెంత ఉందో చూసుకోండి.

సమస్య: ఆకుల అంచులు పాకిపోతున్నాయి

అన్హుయ్ రాష్ట్రంలోని జింగ్ కౌంటీలో చెట్టు బెరడు నార, వరిగడ్డి కలిపి చేసే ఈ కాగితంలో ముడి రకం నీటిని తాకగానే పీల్చేస్తుంది. పటిక, జిగురు పట్టించిన రకం పీల్చదు. మీ దగ్గరున్నది ఏదో తెలియకపోతే మూలన ఒక నీటి చుక్క వేయండి. వెంటనే పాకితే ముడిది, బొట్టుగా నిలిస్తే పటిక పట్టించింది. సన్నని గీతలతో నింపే గోంగ్‌బీ శైలికి ఈ రెండోదే వాడాలి.

ముడి కాగితం మీద పాకుడుకు అసలు కారణం కుంచె మొదట్లో దాక్కున్న నీరు. చాలామంది మొనను గుడ్డకు అద్దుతారు. దాంతో సిరా పోతుంది, నీరేమో అక్కడే ఉంటుంది. వెంట్రుకలు కర్రలో కలిసేచోట పక్కవాటుగా రెండు సెకన్లు గుడ్డకు ఆనించండి. తర్వాత అదే కాగితం ముక్క మీద ఒక ఆకు వేసి చూడండి. మొన ఆనించి, నొక్కి, లాగుతూ లేపాలి. మధ్యలో ఆగితే ఆగినచోట మచ్చ పడుతుంది.

సమస్య: ఆకులన్నీ ఒకటే బూడిద రంగు

కుంచెలో సిరా, నీరు పూర్తిగా కలిసిపోయాయి. ముందు శుభ్రమైన నీటితో తడిపి, పిండండి. పలుచని సిరాను కుంచె నడుము దాకా పట్టించి, కుంచె మొదలును గుడ్డకు అద్దండి. ఇప్పుడు మొనలో మూడో వంతుకే చిక్కని సిరా తీసుకుని, పళ్లెం మీద రెండు మూడు సార్లు అటూ ఇటూ లాగండి. ముదురు నుంచి లేతకు దిగే నాలుగైదు ఆకులు ఒకే నింపుడుతో రావాలి. ప్రతి ఆకుకూ సిరాలో ముంచితే ఛాయలు రావు.

సమస్య: ఆరాక నలుపు చచ్చిపోతోంది

ఆరితే సిరా కొంత లేతబడడం మామూలే. మరీ మురికిగా కనిపిస్తే అది రాత్రి మిగిలిన సిరా, లేదా కడగని సిరా రాయి. రాయి మీద అర టీస్పూను నీరు పోసి, సిరా కడ్డీని నిటారుగా పట్టి, బలం పెట్టకుండా గుండ్రంగా అరగదీయండి. కడ్డీ వెనక సిరాలో దారి ఒక క్షణం తెరుచుకుని ఉంటే సిరా సిద్ధమైనట్టు. పని అయ్యాక కడ్డీని తుడవకపోతే పగులుతుంది.

సమస్య: కణుపు గీత కాండంలో కరిగిపోతోంది

తొందరపడ్డారు. కాండం తడి మెరుపు పోయి, ఇంకా చెమ్మ ఉన్నప్పుడు చిక్కని సిరాతో వేయండి. పూర్తిగా ఆరాక వేస్తే అతికించినట్టు కనిపిస్తుంది.

సమస్య: మొన రెండుగా చీలుతోంది

కుంచె మొదలులో సిరా ఎండిపోయింది. చల్లటి నీటిలో నానబెట్టి కడిగి, మొన కిందికి ఉండేలా వేలాడదీయండి. వేడినీళ్లు వద్దు. మొనను పెదవులతో సరిచేసే అలవాటుంటే మానండి. చైనా రంగుల్లోని గాంబోజ్ పసుపు విషం.

సమస్య: వెనక కాగితం అతికిస్తుంటే సిరా కారుతోంది

కొన్ని సీసా సిరాలు తడికి నిలవవు. గీత వేసి ఒక రోజు ఆరనిచ్చి, తడి టిష్యూతో నిమిషం నొక్కండి. టిష్యూకు నలుపు అంటితే ఆ సిరాతో వేసిన బొమ్మకు వెనక కాగితం అతికించే గోధుమ గంజి పూయకండి, పొడిగానే ఫ్రేమ్ కట్టించండి.