ప్రభుత్వ ఆఫీసుకు సరైన ర్యాంప్ సాధించుకోవడం ఎలా?

మీ మండల ఆఫీసుకు ర్యాంప్ లేదా? ఉన్నా, చక్రాల కుర్చీలో ఒంటరిగా ఎక్కలేనంత నిటారుగా ఉందా? దాన్ని సరిచేయమని దయ అడగాల్సిన పనిలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆ బాధ్యతను ప్రభుత్వం మీదే పెట్టింది. ఆ చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం, ప్రజలు వాడే పాత కట్టడాలన్నింటినీ నిబంధనలు వెలువడిన ఐదేళ్లలోపు అందరూ వాడుకునేలా మార్చాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే ఆ ఐదేళ్లు 2022 జూన్‌తోనే నిండిపోయాయి.

ముందు జట్టు కట్టండి

ఒక్కరే వెళ్తే "చూద్దాంలే" అని పంపించేస్తారు. మండల వికలాంగుల సమాఖ్య ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి. జట్టులో చక్రాల కుర్చీ వాడేవారు, చూపు లేనివారు, వినికిడి లేనివారు తప్పకుండా ఉండాలి, వారిలో మహిళలూ ఉండాలి. ఇంజినీరు తోడుంటే మంచిదే. కానీ ఏది అడ్డమో తేల్చాల్సింది ఆ అడ్డంకిని రోజూ ఎదుర్కొనేవాళ్లే. చక్రాల కుర్చీ లోపల తిరగదని, మైకులో పేరు పిలిస్తే వినపడదని, గోడ మీది నోటీసు చదవలేమని ఒకరి తరఫున మరొకరు ఊహించి రాస్తే సగం విషయాలు జారిపోతాయి.

టేపు పట్టుకుని కొలవండి

అసలు బలమంతా ఇక్కడే ఉంది. "ర్యాంప్ బాగాలేదు" అని రాస్తే అది అభిప్రాయం. అంకెలు రాస్తే జవాబు చెప్పక తప్పదు.

వాలు లెక్క చాలా సులువు. ఒక్కో మెట్టు ఎత్తు కొలిచి కూడండి. ఆ మొత్తానికి పన్నెండు రెట్లు ర్యాంప్ పొడవు ఉండాలి. 15 సెంటీమీటర్ల మెట్లు మూడు ఉంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, కాబట్టి ర్యాంప్ కనీసం 5.4 మీటర్లు సాగాలి. మెట్ల పక్కన రెండు మీటర్లలో సిమెంటు పూసి వదిలేసినది జారుడుబల్ల అవుతుంది, ర్యాంప్ కాదు. వెడల్పు 120 సెంటీమీటర్లకు తగ్గకూడదు. రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు ఉండాలి. కుర్చీ తిరగడానికి పైనా కిందా 150 సెంటీమీటర్ల చదును స్థలం కావాలి.

తర్వాత లోపలికి వెళ్లండి. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉందా? గడప అడ్డొస్తోందా? కుర్చీలో కూర్చున్న మనిషికి కౌంటర్ అందుతోందా? మరుగుదొడ్డిని మాత్రం తప్పకుండా తెరిపించి చూడండి. వికలాంగుల గుర్తు అంటించిన గదిలో పాత ఫైళ్లు, చీపుర్లు పెట్టి తాళం వేసిన చోట్లు కొల్లలు. మహిళలు అక్కడికి రావడం మానేయడానికి ఇదొక్కటే చాలు.

కొలుస్తుంటే అటెండర్ వచ్చి "ఎందుకండీ, మేం ఎత్తుకుని తీసుకెళ్తాం కదా" అంటారు. మంచి మనసుతోనే అంటారు. మర్యాదగా వద్దనండి, ఆ మాటను కూడా కాగితం మీద రాయండి. ఇంకొకరి చేతుల్లో వేలాడుతూ ఆఫీసులోకి వెళ్లాల్సిరావడం ఎంత అవమానమో అనుభవించినవారికి తెలుసు. పడితే ఎముక విరిగేదీ వారికే.

అర్జీ రాయండి

23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఆ సెక్షన్ ముఖ్యంగా ఉద్యోగాల్లో వివక్షపై వచ్చే ఫిర్యాదుల కోసం పెట్టింది. అలాంటి ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారణ జరగాలి. కాబట్టి ర్యాంప్ అర్జీ ఆఫీసు పెద్ద పేరున, నకలు ఆ అధికారికి ఇవ్వండి. ఇలా రాయవచ్చు:

"ఫలానా తేదీన మేం కొలిచాం. మెట్ల ఎత్తు 45 సెం.మీ., ర్యాంప్ పొడవు 2 మీ. కమ్మీలు లేవు. ఇది చట్టంలోని 45వ సెక్షన్‌కు విరుద్ధం. దీన్ని ఎప్పటిలోగా సరిచేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి."

"దయతో" అనే మాట అక్కర్లేదు. ఫొటోలు జతచేయండి, రశీదు తీసుకోకుండా బయటికి రావద్దు.

"ఈ కొలతలు సూచనలే కదా" అని ఎవరైనా అంటే సుప్రీంకోర్టు తీర్పు చూపించండి. చూపు లేని రాజీవ్ రాటూరి 2005లో వేసిన కేసులో 2024 నవంబర్ 8న తీర్పు వచ్చింది. ప్రమాణాలను సూచనల స్థాయిలో వదిలేసిన నిబంధన చట్టానికి విరుద్ధమని కోర్టు కొట్టేసింది, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. కోర్టు కోరిక మీద ఆ కేసులో దేశమంతటి పరిస్థితిపై నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే.

జవాబు రాకపోతే

సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి: తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. వికలాంగుల విషయాలు చూసే జిల్లా స్థాయి కమిటీకీ ఫిర్యాదు చేయవచ్చు. ఈలోపు సమాచార హక్కు కింద ర్యాంప్ అంచనా, మంజూరైన డబ్బు, కొలత రాసిన అధికారి వివరాలు అడగండి. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయండి. అధికారులను పిలిపించే విషయంలో ఆ కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10 వేల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా పడుతుంది.

పని మొదలయ్యాక

చాలామంది మంజూరు కాగానే ఇంటికెళ్లిపోతారు. వెళ్లకండి. కాంక్రీటు పోయకముందే మేస్త్రీతో నేల మీద ముగ్గుపొడి గీత గీయించి పొడవు కొలవండి. తక్కువుంటే అక్కడే ఆపించండి, ఒకసారి గట్టిపడ్డాక ఎవరూ పగలగొట్టరు. బిల్లు చెల్లించేముందు మీ జట్టులో చక్రాల కుర్చీ వాడే ఒకరు ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగి చూడాలని అర్జీలోనే షరతుగా రాయించండి.